అక్క మాట్లాడని వేసవి

ఆ వేసవిలో అక్క ఇంటికి వచ్చిన సంగతి అమ్మకు వెంటనే తెలియలేదు. కారు ఆగింది, గేటు చప్పుడైంది, మా ఆయన పెట్టె మోసుకుంటూ లోపలికి వచ్చాడు. వరండాలో కుర్చీలో కూర్చున్న అమ్మ తల ఎత్తి, "ఎవరే వచ్చింది?" అని అడిగింది. అక్క ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. మెడ చుట్టూ పలుచటి గుడ్డ చుట్టుకుని, ఎండకు కళ్లు చికిలించుకుని అమ్మ ముఖంలోకే చూస్తోంది. అమ్మకు చూపు పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. అక్కకు గొంతు పోయి నెల కూడా కాలేదు.

"అక్కే అమ్మా," అన్నాను.

"మరి పలకదేం?"

"చెప్పాను కదా, డాక్టరు మాట్లాడొద్దన్నాడని. ఆపరేషన్ పుండు మానాలట."

అక్క మోకాళ్ల మీద కూర్చుని అమ్మ అరచేతిని తన చెంపకు ఆనించుకుంది. అమ్మ ఆ చెంపను తడిమింది. చెవిని, జుట్టును, మెడ మీది గుడ్డను తడిమింది. తర్వాత నా వైపు తిరిగి, "చిక్కిపోయిందే," అంది, అక్క అక్కడ లేనట్టే.

మా అక్క నాటకాల మనిషి. నాకు ఊహ తెలిసేసరికే నాటక సమాజంతో ఊళ్లు తిరుగుతుండేది. మైకు లేని హాళ్లలో, ఏడుస్తూ చెప్పే మాటైనా సరే, చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడ్డవాడికి కూడా వినిపించేలా చెప్పేదని పేరు. సినిమావాళ్లు ఆ గొంతు కోసమే ఆమెను పిలిచారు. ముఖం సంగతి తర్వాత చూసుకున్నారు. ఆ తర్వాత గోడల మీదా, పత్రికల అట్టల మీదా అంతా ఆ ముఖమే అయింది. అమ్మ మాత్రం ఆమెను తెర మీద ఒక్కసారీ చూడలేదు. అప్పటికే చూపు పోయింది. ప్రతి సినిమాకూ నేనే తీసుకెళ్లేదాన్ని. తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెప్పబోతే మోచేత్తో పొడిచేది. "నువ్వు నోర్మూసుకో. అది చెబుతోందిగా."

ఎప్పుడొచ్చినా రెండు రోజులుండి వెళ్లిపోయే అక్క, ఈసారి పెట్టెలోని బట్టలన్నీ తీసి బీరువాలో సర్దుకుంది. అది చూసి నాకు భయమూ వేసింది, సంతోషమూ కలిగింది.

మా ఇంట్లో సంభాషణ విచిత్రంగా తయారైంది. అక్క ఒకసారి చప్పట్లు కొడితే ఔనని, రెండుసార్లు కొడితే కాదని ఏర్పాటు చేసుకున్నాం. అమ్మకు అది మింగుడు పడలేదు. "కాఫీ తాగావా?" అని అడిగి, చప్పట వినిపించగానే "ఇది మొదటిదా, ఇంకోటుందా?" అని ఎదురుచూసేది. ఉన్నట్టుండి విసుగొచ్చి "పోనీలే, నీ ఇష్టం" అనేది. వాచీలు బాగుచేసుకునే మా ఆయన భోజనాల దగ్గర ఒకరోజు, "ఈ ఇంట్లో ఒకరికి కనిపించదు, ఒకరు మాట్లాడరు, మూడో ఆవిడ ఆపదు. నా గతేం కాను?" అన్నాడు. అక్క భుజాలు కదిలేలా నవ్వింది. చప్పుడు లేని నవ్వు. అమ్మ మాత్రం ఎవరూ నవ్వలేదనుకుని, "పాపం, అతను జోకేశాడర్రా," అంది.

డాక్టరు మాట్లాడి చూడమన్న రోజున అక్కతో నేనే వెళ్లాను. ఆ చిన్న గదిలో అక్క ఊపిరి తీసుకుని, స్టేజీ మీద నిలబడినట్టు నిటారుగా కూర్చుని, తన పేరు చెప్పింది. అందులో సగం గాలే. మిగిలిన సగం బొంగురుగా, నేల మీద బల్ల ఈడ్చినట్టు ఉంది. ఆమే ఉలిక్కిపడి మళ్లీ చెప్పింది. అలాగే వచ్చింది.

"ఇంకెన్నాళ్లకి బాగవుతుంది?" అని అడిగాను.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బాగయిందమ్మా. ఇదే బాగవడం," అన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో, ఇంటి మలుపు దగ్గర అక్క నా మణికట్టు పట్టుకుంది. ఆ కొత్త గొంతుతో, "అమ్మకి వినిపించను," అంది. అంతే. ఇంటికి వెళ్లాక అమ్మ అడిగితే, డాక్టరు ఇంకొన్నాళ్లు ఆగమన్నాడని నేనే అబద్ధం చెప్పాను.

ఆ వారంలోనే దర్శకుడు వచ్చాడు. అక్క నటించిన సినిమా షూటింగ్ మొత్తం ఆపరేషన్‌కు ముందే అయిపోయింది. డబ్బింగ్ ఒక్కటే మిగిలింది. అతను వయసులో అక్క కంటే చాలా చిన్నవాడు. మొదటి సినిమా. వరండాలో చెప్పులు విప్పుతుండగా నేను వంటింట్లోంచి మా ఆయన్ని కేకలేస్తున్నాను. కుళాయి కట్టెయ్యమని పొద్దున్నించీ చెబుతున్నా ఆయన వినిపించుకోవడం లేదు.

దర్శకుడు ఒక్క గెంతులో లోపలికి వచ్చాడు. "మేడమ్‌కి గొంతొచ్చేసిందా!"

ఎదురుగా అక్క కుర్చీలో పేపరు చదువుకుంటోంది. నేను గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అతను ఆమె వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. మా ఇద్దరి గొంతూ ఒకటేనని బంధువులందరికీ తెలుసు. ఫోనెత్తితే అవతలివాళ్లు ఎప్పుడూ తికమకపడేవారు. కానీ అందులో ఏదో ఉపయోగముందని ఎవరికీ తట్టలేదు.

"ఒక్కసారి ప్రయత్నం చేద్దామమ్మా," అన్నాడు, సంగతంతా తెలిశాక. "వేరే ఎవరితో చెప్పించినా జనం ఒప్పుకోరు. మేడమ్ గొంతు వాళ్లకి తెలుసు. రీళ్లు డబ్బాల్లోనే ఉండిపోతాయి."

"నేను మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పుకునేదాన్ని బాబూ. నన్నొదిలెయ్యండి."

"పిల్లలు భయపడతారా మీ గొంతుకి?"

"ఆయన తప్ప అందరూ భయపడతారు."

అక్క పేపరు మడిచి పక్కన పెట్టింది. నా వైపు చూస్తూ ఒకే ఒకసారి చప్పట్లు కొట్టింది.

స్టూడియో ఊరికి అవతలి చివర, ఒక సందులో ఉండేది. బయట ఎండ మండిపోతుంటే లోపల మైకులో పడుతుందని ఫ్యాను కూడా తిరగనిచ్చేవారు కాదు. గోడలకు దళసరి గుడ్డలు, ఎదురుగా తెర, పక్క గదిలో అద్దం వెనక సౌండ్ ఇంజనీరు. మొదటి రోజు నేను నోరు తెరవకముందే ఆయన చెయ్యెత్తి, "ఏదో టిక్కుటిక్కుమంటోంది," అన్నాడు. మా ఆయన ఎంతో ముచ్చటపడి బాగుచేసి ఇచ్చిన వాచీ. తీసి బయట పెట్టొచ్చాను. తర్వాత నా కడుపు గురగురలాడింది. దానికీ ఒక టేకు పోయింది.

తెర మీద అక్క పెదవులు కదిలేవి. మాట రాదు. ఆ పెదవులు తెరుచుకునే క్షణానికి నా మాట అందుకోవాలి. నేను తొందరపడేదాన్ని, లేదా వెనకబడేదాన్ని. రెండూ కాకపోతే పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని. అప్పుడు అక్క నా వెనక్కి వచ్చి నిలబడింది. ఒక అరచెయ్యి నా వీపు మీద, ఇంకోటి పొట్ట మీద పెట్టింది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వీపు మీద నొక్కి చెప్పేది. ఎక్కడ ఆపాలో పొట్ట మీద వేళ్లతో చెప్పేది. మాట మొదలవ్వాల్సిన చోట నెమ్మదిగా చెయ్యి తీసేసేది. అంతే, నా మాట ఆ పెదవుల మీదికి వెళ్లి కూర్చునేది.

నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి అక్క నాకు అంత దగ్గరగా ఎప్పుడూ లేదు. ఆమె ఇంట్లోంచి వెళ్లేటప్పుడు నేను ఆమె నడుము దాకా వచ్చేదాన్ని. మళ్లీ వచ్చినప్పుడల్లా ఆమె చుట్టూ ఎవరో ఒకరుండేవారు. ఇప్పుడు ఆ ఉక్కపోత గదిలో ఆమె ఊపిరి నా మెడకు తగులుతుంటే, ఈ సినిమా ఎప్పటికీ పూర్తి కాకపోతే బాగుండుననిపించేది. ఒక్కోసారి తప్పు లేకపోయినా, "ఇంకోసారి చెబుతాను," అనేదాన్ని.

ఇంట్లో అమ్మకు, అక్క డబ్బింగ్ చెబుతోందనీ నేను తోడు వెళ్తున్నాననీ చెప్పాం.

"అయితే గొంతొచ్చినట్టేగా?"

"కొద్దిగా వచ్చిందమ్మా. అక్కడికి మాత్రమే వాడుకోమన్నాడు డాక్టరు."

అమ్మ కాసేపు కుర్చీ చేతిని వేళ్లతో రుద్దింది. "సరే. ఇంట్లో దాచుకుని అక్కడ ఖర్చు పెడుతోందన్నమాట," అంది.

పక్కనే ఉన్న అక్క లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ సినిమాలో అక్క రేవు దగ్గర పడవవాళ్ల కోసం చిన్న బస నడిపే ముసలామె. కొడుకు మాటా పలుకూ లేకుండా ఓడెక్కడానికి బయల్దేరతాడు. ఆమె గుమ్మంలో నిలబడి, "ఎప్పుడొస్తావని అడగను. వస్తావా అనీ అడగను. తలుపు మాత్రం వెయ్యను," అంటుంది. ఈ మూడు మాటల దగ్గర నా పని పట్టాలు తప్పింది. బతిమాలినట్టు వచ్చేది. కోపంగా వచ్చేది. ఏడుపు కలిపితే మరీ అన్యాయంగా ఉండేది. పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నం భోజనాల వేళకీ తెగలేదు. దర్శకుడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. నా చెమట కారి మైకు స్టాండు మీద పడుతోంది.

"నా వల్ల కాదక్కా. నాకు నటించడం రాదు."

అక్క నన్ను పక్కకు జరిపింది. తను మైకు ముందు నిలబడింది. తెర మీద బొమ్మ నడిచింది. పెదవులు తెరుచుకున్నాయి. అక్క ఆ మూడు మాటలూ చెప్పింది.

బొంగురుగా, గాలిలో సగం పోగొట్టుకుంటూ వచ్చింది ఆ గొంతు. "తలుపు" అన్నచోట పూర్తిగా తెగిపోయి, "వెయ్యను" దగ్గర మళ్లీ అతుక్కుంది. ఆ ముసలామె అప్పటికే ఎన్నో ఏళ్లుగా ఆ గుమ్మంలో నిలబడి, పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నట్టు ఉంది. అద్దం వెనక సౌండ్ ఇంజనీరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

దర్శకుడు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. "మేడమ్, ఇంకొక్కసారి. ఒక్కసారి. ఈసారి రికార్డు చేస్తాను. సినిమా మొత్తం ఇలాగే పెడదాం. మొదటినుంచీ మళ్లీ చేద్దాం."

అక్క తల అడ్డంగా ఊపింది.

"ఎందుకు మేడమ్? ఇంత బాగా..."

"మా అమ్మ వింటుంది," అంది అక్క. "ఆవిడకి నేనంటే ఆ పాత గొంతే. అది కూడా పోయిందని తెలియాలా?"

అతను నా వైపు చూశాడు, ఏమైనా చెప్పమన్నట్టు. నేను మైకు ముందుకు వెళ్లి నిలబడ్డాను. అక్క చేతులు నా వీపు మీదికి రాలేదు. అవసరం లేకపోయింది. నా చెవిలో ఆ తెగిన గొంతు ఇంకా ఉంది. దాన్నే వింటూ చెప్పాను. ఒక్క టేకులో అయిపోయింది.

విడుదలకు ముందు చిన్న హాల్లో సినిమా వేశారు. బయటివాళ్లకెవరికీ ఈ సంగతి తెలియకూడదని నిర్మాత నాకు మరీ మరీ చెప్పాడు. అమ్మను మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. దీపాలు ఆరాయి. రేవు చప్పుళ్లు వినిపించాయి. అక్క మొదటి మాట, అంటే నా మొదటి మాట, హాలంతా పరుచుకుంది.

అమ్మ తల ఒక్కసారిగా నా వైపు తిరిగింది.

ఎంతోమందిని ఏమార్చిన గొంతు అది. అమ్మ కాసేపటికి మళ్లీ తెర వైపు తిరిగింది. చీకట్లో తడుముకుంటూ అక్క చెయ్యి వెతికి పట్టుకుంది. సినిమా అయ్యేదాకా వదల్లేదు. బయటికి వచ్చాక జనం చుట్టుముట్టి, "ఏం గొంతమ్మా మీ అమ్మాయిది, పైగా ఈసారి ఇంకా బాగుంది!" అంటుంటే అమ్మ అందరికీ నవ్వుతూ తల ఊపింది. నేను గోడ పక్కకు జరిగి నిలబడ్డాను. ఎవరైనా నా వైపు చూస్తే బాగుండునని ఉంది. చూస్తారేమోనని బెరుకుగానూ ఉంది.

ఇంటికి వచ్చి అమ్మను మంచం మీద కూర్చోబెట్టాను.

"పెద్దదాన్ని పిలువు," అంది.

"ఇక్కడే ఉందమ్మా, నీ ఎదురుగా."

"ఎదురుగా ఉంటే నాకెలా తెలుస్తుందే?" అమ్మ గొంతు పెరగలేదు. "వేసవి మొదట్లో వస్తుందన్నారు. వచ్చిందన్నారు. చప్పట్లు వినిపిస్తున్నాయి, అడుగులు వినిపిస్తున్నాయి. అది మాత్రం ఇంకా రాలేదు నా ఇంటికి."

అక్క గుమ్మం దగ్గర గోడను పట్టుకుని నిలబడింది. మా ఆయన పక్క గదిలో రేడియో ఆపేశాడు.

"చిన్నదాని గొంతు నాకు తెలియదనుకున్నారా? రోజూ పొద్దున్నే నాకు పేపరు చదివిపెడుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలుసు నాకు. బాగానే చెప్పింది." ఇది నా వైపు తిరిగి అన్నది. మళ్లీ అటు తిరిగింది. "నీ గొంతేమయిందే?"

అక్క పెదవులు రెండుసార్లు కదిలాయి. మూడోసారికి, "అమ్మా," అంది.

అమ్మ కదల్లేదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆ వైపే చెవి పెట్టి ఉండిపోయింది. ఆ గొంతు ఎవరిది అని అడిగితే అక్క ఏమైపోతుందోనని భయం.

"ఇంకోసారి అను."

"అమ్మా."

"చిన్నప్పుడు జలుబు చేస్తే ఇలాగే ఉండేది నీకు," అంది అమ్మ. "ఇలా వచ్చి కూర్చో. చిన్నదానా, దానికి కాసిని వేణ్ణీళ్లు తీసుకురా."

నేను వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు కాగి చల్లారిపోయేదాకా అక్కడే ఉన్నాను. గోడ అవతల అమ్మ అడుగుతూనే ఉంది. ఏం తింటున్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, ఆపరేషన్ రోజు ఎవరున్నారు పక్కన. ఆ బొంగురు గొంతు ఒక్కో దానికీ జవాబు చెబుతోంది. మధ్యలో ఇద్దరూ దేనికో నవ్వారు. ఈసారి నవ్వు వినిపించింది.

సినిమా బాగా ఆడింది. అక్కకు వచ్చిన పేరు అంతకుముందెప్పుడూ రానంత. కొత్త సినిమాలవాళ్లు వరసగా వచ్చారు. నా గొంతు సంగతి తెలిసినవాళ్లు నన్ను కూడా లెక్కలో వేసుకునే మాట్లాడారు. నేను లోలోపల ఎదురుచూశాను. అక్క అందరికీ కాఫీ ఇప్పించి పంపేసింది. వానలు మొదలయ్యేసరికి తన పాత నాటక సమాజానికి కబురు పెట్టింది.

"ఈ గొంతుతోనా?" అన్నాను.

"ఇంకోటి లేదుగా చిట్టీ."

నాటకం వేసిన హాలు చిన్నది, పైన రేకులు. సినిమా చూసి వచ్చిన జనంతో కిటకిటలాడిపోయింది. తెర లేవకముందు అక్క ఒక్కతే బయటికి వచ్చి నిలబడింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"సినిమాలో మీరు విన్నది మా చెల్లెలి గొంతు," అంది. "నాది ఇదీ. ఇష్టమైతే ఉండండి."

హాల్లో గుసగుసలు లేచాయి. నిర్మాత ముఖం మాడ్చుకుని అందరికంటే ముందు లేచి వెళ్లిపోయాడు. అతని వెనక ఇంకొందరు లేచారు. అందరూ వెతుక్కుంటూ నా వైపు చూస్తుంటే నేను తల వంచుకున్నాను. ఇన్నాళ్లూ కోరుకున్నది దొరికితే తల ఎత్తలేకపోయాను.

నాటకం మొదలైన కాసేపటికి వాన పట్టుకుంది. రేకుల మీద దడదడమని చప్పుడు. అక్క పెదవులు కదులుతున్నాయి, మాట మొదటి వరస దాటడం లేదు. చివరి వరసలకు మాట చేరవేయడంలో పేరుపడ్డ మనిషి. ఆమె ఆగిపోయింది. చేతులు వేలాడేసి పైకి, రేకుల వైపు చూసింది.

అప్పుడు మొదటి వరసలోంచి అమ్మ గట్టిగా అంది, "వినిపిస్తోందే. చెప్పు."

ఎవరో నవ్వారు. వెనకాల ఒకాయన లేచి, తన కుర్చీ ఎత్తుకుని వచ్చి స్టేజీకి ఆనుకుని వేసుకున్నాడు. అతన్ని చూసి ఇంకొకరు. కుర్చీలు ఈడ్చుకుంటూ హాలంతా ముందుకు జరిగింది. మెట్ల మీద కూర్చున్నారు, స్టేజీ అంచున కూర్చున్నారు. చివరి వరసలన్నీ ఖాళీ అయిపోయాయి. అక్క కళ్లు తుడుచుకుని, ఆగిన మాట దగ్గరే అందుకుంది.

వానలు తగ్గాక సమాజంతో వెళ్లిపోయింది. బీరువాలో బట్టలన్నీ పెట్టెలో సర్ది ఇచ్చింది నేనే. ఆ గొంతుతోనే మరికొన్నేళ్లు నాటకాలాడింది. ఊరూరా జనం ముందుకు జరిగి కూర్చుని విన్నారట. ఎవరూ రికార్డు చేసి పెట్టుకోలేదు. ఆ రోజుల్లో అలాంటి ఆలోచన ఎవరికీ రాలేదు. అమ్మ వెళ్లిపోయింది. ఆ తర్వాత అక్క.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఫోను చేస్తారు, పెట్టుకున్నావా అని. నా మనవరాలు పక్కన చేరి, "పెద్దమ్మమ్మ ఎంత బాగుంది!" అంటుంది. బాగుంటుంది. గుమ్మంలో నిలబడ్డ అక్కను కళ్లారా చూసుకుంటాను. నోరు తెరిస్తే మాత్రం నేనే. ఇంట్లో ఎవరూ లేనప్పుడు సౌండు పూర్తిగా తీసేసి, కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని కూర్చుంటాను. ఆ పెదవుల వంక చూస్తూ చెవులు రిక్కిస్తాను. కొన్నిసార్లు ఆ బొంగురు గొంతు వస్తుంది. చాలాసార్లు రాదు.